తట్టుతుంటే కంగారు తగ్గకపోగా ఏడుపు వస్తోంది: ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా నాన్నగారు పోయి ఎనిమిది నెలలయింది. ఆ వార్త తెల్లవారుజామున మూడు గంటలకు ఫోనులో తెలిసింది. అప్పటి నుంచి ఫోను మోగితే చాలు, పగలైనా రాత్రైనా గుండె దడదడలాడుతుంది, అరచేతులు చల్లబడతాయి, ఎత్తి మాట్లాడబోతే గొంతు పెగలదు. మోత లేకుండా చేసి బల్ల మీద పెడితే, అది గురగురమంటూ చెక్క మీద కొంచెం కొంచెంగా అంచు వైపు జరగడం మోత కంటే ఎక్కువగా భయపెడుతోంది. రాత్రి దాన్ని పక్క గదిలో పెడితే ఎవరైనా చేస్తున్నారేమో అని నిద్ర పట్టదు. తల దగ్గర పెట్టుకుంటే మోగుతుందేమో అని పట్టదు. ఆ రోజు అన్నయ్య చేసిన మొదటి రెండు కాల్స్ నాకు నిద్రలో వినపడలేదు, మూడోసారికి లేచాను.

నెల రోజుల కిందట ఈఎఫ్‌టీ (ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్) అనే, బాధను తలచుకుంటూ శరీరం మీద కొన్ని చోట్ల వేళ్లతో తట్టుకునే ట్యాపింగ్ పద్ధతిని ఒక వీడియోలో చూసి మొదలుపెట్టాను. చిటికెన వేలి వైపు అరచేతి అంచు మీద రెండో చేతి వేళ్లతో తడుతూ, "నాకు ఈ కంగారు ఉన్నప్పటికీ నన్ను నేను పూర్తిగా, మనస్ఫూర్తిగా అంగీకరిస్తున్నాను" అని మూడుసార్లు అంటున్నాను. ఆ తరువాత కనుబొమ మొదలు, కంటి పక్క, కంటి కింద, ముక్కు కింద, గడ్డం, కాలర్ బోన్, చంక కింద, నడినెత్తి అనే వరుసలో ఒక్కోచోట ఐదు నుంచి ఏడుసార్లు తడుతున్నాను. మొదటి రోజు నా కంగారు పదికి ఎనిమిది నుంచి నాలుగుకు దిగింది. ఎన్నో నెలల తరువాత ఆ రాత్రి నిండా నిద్రపోయాను. నాలుగో రోజు నుంచి మాత్రం చేయి కాలర్ బోన్ దగ్గరకు వచ్చేసరికి ఏడుపు ముంచుకొస్తోంది; ఒకరోజు అరగంట దాటినా వెక్కిళ్లు ఆగలేదు.

నేను తట్టే చోట్లు తప్పా, వరుస తప్పా, లేక ఒక వైపే తట్టడం తప్పా? ఇది నిజంగా పనిచేసే పద్ధతా, లేక మొదటి రోజు తగ్గిందనుకోవడం నా నమ్మకం మాత్రమేనా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం (కౌన్సెలింగ్ వృత్తిలో ఉన్నవారు)

అమ్మా, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. చాలా ఏళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను, ట్యాపింగ్‌ను అవసరమనిపించిన చోట వాడుతున్నాను కూడా. కనుక ముందుగా మీకు ఊరటనిచ్చే మాట చెబుతాను: మీ వేళ్లు పడుతున్న చోట్లలో తప్పేమీ లేదు. కనుబొమ మీద అరంగుళం అటూ ఇటూ అయినా, ఎడమ వైపు తట్టినా కుడి వైపు తట్టినా, ఏడుకు బదులు పది దెబ్బలు పడినా నష్టం లేదు. మీరు నేర్చుకున్న వరుసను 1990లలో రూపొందించినవారు గ్యారీ క్రెయిగ్. ఆయన చదివింది ఇంజనీరింగ్. ఆయనకు ఈ విద్య నేర్పిన రోజర్ కలహన్ అమెరికాకు చెందిన మనస్తత్వవేత్త. నీళ్లంటే విపరీతంగా భయపడే ఒక మహిళకు ఎంతకాలం చికిత్స చేసినా గుణం కనిపించని దశలో, ఆ భయం తన కడుపులో తెలుస్తోందని ఆమె అన్నప్పుడు, చైనా సంప్రదాయ వైద్యం ప్రకారం కడుపుకు సంబంధించిన మార్గం కంటి కింద మొదలవుతుంది కనుక అక్కడ తట్టించానని, ఆమె భయం అప్పటికప్పుడే పోయిందని 1980 ప్రాంతంలో జరిగిన ఆ సంఘటన గురించి కలహన్ చెప్పుకున్నారు. అక్కడి నుంచి ఆయన ఒక్కో బాధకు ఒక్కో వరుసను నిర్ణయిస్తూ థాట్ ఫీల్డ్ థెరపీని తయారుచేశారు. క్రెయిగ్ ఆ వేర్వేరు వరుసలన్నింటినీ పక్కన పెట్టి, బాధ ఏదైనా అన్నిచోట్లా ఒకే తీరున తట్టితే చాలునన్నారు. ఇద్దరి దగ్గరకు వెళ్లినవారూ ఉపశమనం కలిగిందనే చెప్పారు. కాబట్టి వరుస గురించి మీరు మధనపడనవసరం లేదు.

చూడవలసింది మీరు పలుకుతున్న మాటను. "ఈ కంగారు" అనేది గంపగుత్తగా అన్న మాట. మీరు రాసిన దానిలోనే కనీసం నాలుగు విడివిడి విషయాలు కనిపిస్తున్నాయి: ఫోను మోత, బల్ల మీద దాని కదలిక, తెల్లవారుజాము చీకటి, ఎత్తని రెండు కాల్స్. చివరిదాన్ని మీరు ఒక వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు, నా చూపు మాత్రం అక్కడే ఆగిపోయింది. మొదటి రోజు మోతకు సంబంధించిన పొర దిగి ఉంటుంది. దాని అడుగున ఉన్నది నాలుగో రోజుకు పైకి వచ్చి ఉంటుంది. ఇది నా ఊహ, అవునో కాదో మీరే చెప్పాలి. ఒకవేళ అవునైతే, మీ ఏడుపు పద్ధతి చెడిందనడానికి గుర్తు కాదు, మీ చేతిలోకి వేరే విషయం వచ్చిందనడానికి గుర్తు.

సున్నా నుంచి పది వరకు అంకె వేసుకోవడం ఎందుకో కూడా తెలుసుకుంటే మీకు ఉపయోగపడుతుంది. ఈ కొలతను తెచ్చింది ట్యాపింగ్ వారు కాదు. దక్షిణాఫ్రికాలో పుట్టిన మనోవైద్యుడు జోసెఫ్ వోల్పే భయాలకు చేసే చికిత్సలో దీన్ని ప్రవేశపెట్టారు. భయపెట్టే విషయాన్ని అతి చిన్న మెట్టు నుంచి మొదలుపెట్టి, శరీరం సడలి ఉన్నప్పుడే ఎదుర్కొంటూ, ఒక మెట్టు మీద అంకె బాగా దిగాకే పై మెట్టుకు వెళ్లడం ఆయన పద్ధతి. మీరు కూడా అలాగే చేయండి. మొదట ఫోనును పూర్తిగా ఆపివేసి బల్ల మీద పెట్టి, దాన్ని చూస్తూ, "ఆగిపోయిన ఫోను నా ఎదురుగా ఉంది, అయినా నా అరచేతులు చల్లబడుతున్నాయి" అని ఉన్నదున్నట్టుగా అంటూ తట్టండి. ఒక వరుస పూర్తికావడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆగి, ఒకసారి నిండుగా ఊపిరి తీసి వదిలి, అంకె ఎంతో చూసుకోండి. రెండుకో మూడుకో దిగిన రోజునే తరువాతి మెట్టుకు వెళ్లండి: ఫోనును ఆన్ చేసి, మోత లేకుండా మెత్తటి బట్ట మీద పెట్టడం, ఆ తరువాత చెక్క మీద పెట్టడం, ఆ తరువాత నమ్మకమైనవారికి ముందే సమయం చెప్పి వారితో ఫోను చేయించుకోవడం. అంకె దిగకపోగా పెరుగుతుంటే ఆపివేయండి, పట్టుబట్టి తట్టవద్దు.

ఎత్తని కాల్స్ విషయాన్ని మాత్రం ఒంటరిగా తవ్వకండి. దాన్ని శిక్షణ పొందిన చికిత్సకుల ఎదుట, వారి తోడుతో తెరవడం మంచిది. ఆరు నెలలు దాటినా దుఃఖం రోజువారీ జీవితాన్ని అడ్డుకుంటుంటే దాన్ని ప్రత్యేకంగా చూడవలసిన స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ-11 అనే జబ్బుల వర్గీకరణ గుర్తించింది. మీకు ఆ స్థితి ఉందని నేను ఇక్కడి నుంచి చెప్పలేను, చెప్పకూడదు కూడా. నిద్ర ఇంతగా చెడినప్పుడు సాయం అడగడం తొందరపాటు కాదని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను.

రెండో సమాధానం (మనస్తత్వశాస్త్రం బోధించేవారు)

పై సమాధానంలో మెట్లుమెట్లుగా వెళ్లమన్న సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. "నిజంగా పనిచేసే పద్ధతా, నమ్మకమా" అని మీరు సూటిగా అడిగారు, ఆ ప్రశ్నకు సూటిగానే సమాధానం రావాలి.

2003లో వేట్, హోల్డర్ అనే ఇద్దరు పరిశోధకులు 119 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను తీసుకుని ఒక పరీక్ష చేశారు. వారిలో కొందరు ఈఎఫ్‌టీ చెప్పిన చోట్లలోనే తట్టుకున్నారు. మరికొందరు దానితో సంబంధం లేని చోట్లలో తట్టుకున్నారు. ఇంకొందరు తమ శరీరం మీద కాక ఒక బొమ్మ మీద తట్టారు. మిగిలినవారు అసలు తట్టలేదు. తట్టిన మూడు బృందాలలోనూ భయం గణనీయంగా తగ్గింది. తట్టని బృందంలో తగ్గలేదు. బొమ్మ మీద తట్టినా తగ్గింది కాబట్టి, శరీరంలో శక్తి ప్రవహించే మార్గాలు ఉన్నాయని, ఫలానా చోట తట్టితే ఆ ప్రవాహంలోని అడ్డంకి తొలగుతుందని చెప్పే వివరణ నిలబడదు. అలాంటి మార్గాలను శరీర నిర్మాణంలో ఇంతవరకు ఎవరూ చూపలేదు.

అయితే దీనిని బట్టి మీకు మొదటి రోజు కలిగిన ఉపశమనం అబద్ధమని అనుకోకండి. అంకె ఎనిమిది నుంచి నాలుగుకు దిగడం మీకు నిజంగా జరిగింది, ఆ రాత్రి నిద్ర కూడా నిజమే. అది ఏ కారణంగా జరిగిందన్న దగ్గరే నా అభ్యంతరం. మీరు ఆ రెండు మూడు నిమిషాలలో చేసిన పనులను విడదీసి చూడండి. తప్పించుకు తిరుగుతున్న విషయాన్ని తలచుకుని, దానికి మాటల్లో పేరు పెట్టి, ఒక అంకె కట్టారు. ఆ సమయంలో చేతులకు లయబద్ధమైన పని అప్పగించారు, తరువాతి చోటు ఏదా అని మనసులో కొంత భాగం వెతుకుతూనే ఉంది, మధ్యమధ్య ఊపిరి నెమ్మదించింది, మొదట్లోనే "నన్ను నేను అంగీకరిస్తున్నాను" అని కూడా అన్నారు. భయపెట్టే విషయాన్ని సురక్షితమైన చోట, భరించగలిగిన మోతాదులో మళ్లీ మళ్లీ ఎదుర్కొంటే భయం బలహీనపడుతుందన్నది దశాబ్దాలుగా నిరూపితమైన విషయం. ట్యాపింగ్‌లో ఆ పని చేయడానికి వీలైన రూపం ఉంది.

ఎదుటి వైపు ఆధారాలను కూడా దాచడం న్యాయం కాదు. అదే 2003లో సాలెపురుగులు, ఎలుకల వంటి చిన్న ప్రాణుల భయం ఉన్నవారి మీద జరిగిన మరో పరీక్షలో, ఒకే విడతలో ఈఎఫ్‌టీ చేసినవారికి పొట్టతో ఊపిరి తీసే సాధన చేసినవారికంటే ఎక్కువ మేలు కనిపించింది. 2012లో ప్రచురితమైన మరో అధ్యయనంలో 83 మందికి లాలాజల పరీక్ష చేయగా, ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోను గంట సేపటి ట్యాపింగ్ తరువాత సుమారు 24 శాతం తగ్గింది. మాటలతో సాంత్వన పొందినవారిలోనూ ఊరికే విశ్రాంతి తీసుకున్నవారిలోనూ తగ్గుదల 14 శాతం ప్రాంతంలో ఉంది. ఆ అధ్యయనానికి నాయకత్వం వహించినవారు ఈఎఫ్‌టీ శిక్షణ ఇచ్చేవారే కావడం చదువరి గుర్తుంచుకోవలసిన విషయం. తీవ్రమైన మానసిక ఆఘాతం తరువాత వచ్చే పీటీఎస్‌డీకి బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స తగినదో సూచించే నైస్ సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆఘాతం మీద దృష్టి పెట్టే సీబీటీని (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), ఈఎండీఆర్‌ను (ఆఘాతపు జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే చికిత్స) సిఫారసు చేసి, ఈఎఫ్‌టీని ఇంకా పరిశోధించవలసిన విషయాలలో చేర్చాయి. నేను కూడా అంతవరకే చెబుతాను: చేసుకోండి, కానీ దాని పేరు మీద అసలు చికిత్సను వాయిదా వేయకండి, జబ్బులన్నీ తట్టితే పోతాయనేవారికి డబ్బు కట్టకండి.

మూడో సమాధానం

ఒక చిన్న విషయం. గుండెదడ, చేతులు చల్లబడటం, నిద్ర లేకపోవడం మూడూ ఒకచోట కనిపిస్తే దుఃఖమే కారణమని అనుకోవడం సహజమే కానీ, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా దడ రావచ్చు. ఒకసారి వైద్యుని చేత చూపించుకుని రక్తపరీక్ష చేయించుకోండి. ఛాతీలో నొప్పి గాని, కళ్లు తిరిగి పడిపోవడం గాని ఉంటే తట్టుకుంటూ కూర్చోవద్దు, వెంటనే వెళ్లండి.

నాలుగో సమాధానం (అయిదేళ్లుగా ట్యాపింగ్ చేస్తున్నవారు)

నేను చికిత్సకుడిని కాను, పరిశోధకుడిని కాను. మా అబ్బాయికి జరిగిన ప్రమాదం తరువాత ఈ పద్ధతిని పట్టుకున్నవాడిని. మీరు రాసిన కాలర్ బోన్ మాట చదవగానే నా చేయి తెలియకుండానే అక్కడికి వెళ్లింది, ఎందుకంటే నాకూ అక్కడే ఏడుపు వచ్చేది.

నాకు అసలు ఇబ్బంది ఆ వాక్యం దగ్గర వచ్చింది. "నన్ను నేను పూర్తిగా, మనస్ఫూర్తిగా అంగీకరిస్తున్నాను" అనాలి. బండి నడిపింది నేను; వాడి కాలు విరిగింది, నాకు గీత పడలేదు. ఆ మాట అనబోతే నోట్లో ఇసుక పోసుకున్నట్టు ఉండేది. అబద్ధమాడుతున్నానన్న కోపంతో రెండు వారాలు మానేశాను. తరువాత మాకు చికిత్స చేసినావిడ, నమ్మని మాటను బలవంతంగా అనవద్దని, నిజమనిపించే మాటను వెతుక్కోమని చెప్పారు. ఎంతో వెతికితే దొరికింది ఇది: "ఈ భారం నా మీద ఉంది, ప్రస్తుతానికి నేను ఈ కుర్చీలో కూర్చుని ఉన్నాను." ఇంతే. అందులో అంగీకారమూ లేదు, క్షమాపణా లేదు, కానీ ప్రతి మాటా నిజం. ఆ మాటతో తట్టిన రోజునే నా భుజాలు మొదటిసారి కిందికి దిగాయి.

మీకు పనికివస్తుందనిపించిన మరో సంగతి. ఏడుపు ముంచుకొచ్చినప్పుడు నేను వరుసను వదిలేసి, ఆ విషయం గురించి మాట్లాడటం కూడా ఆపి, పాదాలు రెండూ నేలకు ఆనించి, చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, కుడి అరచేయి ఎడమ భుజం కింద, ఎడమ అరచేయి కుడి భుజం కింద ఉంచి, ఒకదాని తరువాత ఒకటిగా నెమ్మదిగా తట్టుకుంటాను. దీన్ని సీతాకోకచిలుక కౌగిలి అంటారు. 1997లో మెక్సికోలోని అకపుల్కోను తుఫాను ధ్వంసం చేసిన తరువాత, అక్కడ బతికి బయటపడిన పిల్లలతో పనిచేస్తూ లూసినా ఆర్టిగాస్ దీన్ని రూపొందించారట. ఈఎండీఆర్ చికిత్స చేసేవారు వాడతారు. కళ్లు సగం మూసుకుని, గదిలో వినిపించే చప్పుళ్లను ఒక్కొక్కటే గమనిస్తూ తడితే అయిదు నిమిషాలలో వెక్కిళ్లు సద్దుమణుగుతాయి. కళ్లు పూర్తిగా మూస్తే నాకు ఆ రోడ్డు కనిపించేది కనుక సగమే మూస్తాను. రాత్రి పడుకునే ముందు మాత్రం పెద్ద విషయాలు ముట్టుకోవద్దు, పగటిపూట, తరువాత చేయవలసిన చిన్న పని ఏదైనా ఉన్న సమయంలో చేయండి.

మొదటి సమాధానం రాసినవారు

వాక్యం గురించి పైన రాసినది నేను రాయకుండా వదిలేసిన ముఖ్యమైన మాట. అందుకు వారికి కృతజ్ఞతలు. శక్తి మార్గాల విషయంలో బోధకులు చెప్పిన దానితో నాకు పేచీ లేదు. ఒక్క మాట చేర్చాలి: కూర్చుని భయాన్ని తలచుకోండి అంటే లేచి వెళ్లిపోయేవారు, తడుతూ తలచుకోండి అంటే కూర్చుంటారు. చేతికి పని దొరకడం వల్ల ఎదుర్కోవడానికి ధైర్యం వస్తుందన్నది నా అనుభవం. బొమ్మ మీద తట్టినవారికీ భయం తగ్గడం నాకు అందుకే వింతగా అనిపించలేదు.

ప్రశ్న అడిగినవారు, పన్నెండు రోజుల తరువాత

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఎత్తని కాల్స్ గురించిన ఊహ నిజమే. ఆ సమాధానం చదివిన రోజు ఇక్కడ ఏమీ రాయలేకపోయాను. అయిదో రోజున, చికిత్సకుల సమయం ఇంకా దొరకకముందే, వద్దన్న పనే చేశాను: "మొదటి రెండుసార్లు నేను ఎత్తలేదు" అంటూ తట్టడం మొదలుపెట్టాను. అంకె తొమ్మిదికి పెరిగింది. ఆపివేసి, చేతులు ఛాతీ మీద పెట్టుకుని, గడియారం చప్పుడును, బయట ఎవరో బకెట్టు ఈడుస్తున్న చప్పుడును వింటూ కూర్చున్నాను. ఎంతసేపు తట్టానో తెలియదు గాని లేచేసరికి భుజాల దగ్గర చర్మం వెచ్చగా ఉంది. ఇంకెప్పుడూ దాన్ని ఒంటరిగా తెరవను.

రక్తపరీక్షలో దోషమేమీ కనిపించలేదు. చికిత్సకురాలిని ఒకసారి కలిశాను, వచ్చే వారం మళ్లీ వెళ్లాలి. ట్యాపింగ్ చేస్తున్నానని భయపడుతూనే చెబితే, మానవద్దని, మెట్లు రాసుకున్న కాగితం తెమ్మని అన్నారు. బట్ట మీద పెట్టిన ఫోను ఇప్పుడు రెండు. చెక్క మీద పెడితే ఇంకా ఐదు. నేను పలికే మాటను కూడా మార్చుకున్నాను: "ఫోను కదులుతోంది, నేను బల్ల పట్టుకుని ఉన్నాను."

ఎనిమిది నెలలుగా అడగలేనిది మొన్న అన్నయ్యను అడిగాను. ఆ రాత్రి తాను ఎన్నిసార్లు ఫోను చేశాడో తనకు అసలు గుర్తు లేదన్నాడు. కాసేపు ఆగి, ముందు నాకు చేశాడో పిన్నికి చేశాడో కూడా గుర్తు లేదన్నాడు. ఆ తరువాత ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు, ఫోను మాత్రం పెట్టేయలేదు.

ఒక సందేహం మిగిలింది. మెట్టు మీద అంకె రెండుకు దిగిన మరునాడు మళ్లీ నాలుగు కనిపిస్తోంది. అలా జరిగినప్పుడు ఆ మెట్టు మీదే ఉండాలా, ఒక మెట్టు కిందికి దిగి మళ్లీ రావాలా?